మెదడులో గడ్డ: స్కాన్ చెప్పేది, జన్యు పరీక్ష చెప్పేది



"స్కాన్‌లో గడ్డ కనిపించిందండీ. డాక్టరుగారు ఇంకో రకం స్కాన్ తీయించమంటున్నారు. ఆపరేషన్ అయ్యాక జన్యు పరీక్ష కూడా చేయించాలంటున్నారు. గడ్డ ఉందని తెలిసిపోయాక మళ్ళీ ఇన్ని పరీక్షలెందుకు? ఉన్న డబ్బంతా పరీక్షలకే అయిపోతే వైద్యానికి ఏం మిగులుతుంది?"

మెదడు కంతితో ఆసుపత్రికి వచ్చే కుటుంబాల వారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. అందుకే ఈసారి పాఠానికి దీన్నే తీసుకున్నాము.

ముందు క్లుప్తంగా జవాబు చెబుతాము. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో స్కాన్ చూపిస్తుంది. అది ఏ రకం గడ్డో తెలియాలంటే సాధారణంగా ముక్క తీసి పరీక్షించాలి. ఆ ముక్కలోని జన్యువులను కూడా చూస్తేనే కొన్ని గడ్డలకు సరైన పేరు తెలుస్తుంది. సరైన పేరు తెలిస్తేనే సరైన వైద్యం. ఇక వివరంగా చూద్దాం.

గడ్డలన్నీ క్యాన్సర్లేనా?

కాదు. మెదడులో గడ్డ అనగానే చాలామంది ఇక ఆశ లేదనుకుంటారు. అది పొరపాటు. మెదడు పైపొరల నుండి పుట్టే మెనింజియోమా అనే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. అవి నెమ్మదిగా పెరుగుతాయి. పీయూష గ్రంథిలో వచ్చే గడ్డలు కూడా ఎక్కువగా అటువంటివే. వాటిలో ప్రోలాక్టిన్ అనే హార్మోనును తయారుచేసే రకాన్ని రక్త పరీక్షతో గుర్తించి, చాలామందికి ఆపరేషన్ లేకుండా మాత్రలతోనే తగ్గించగలుగుతున్నారు.

మెదడు కణజాలం నుండే పుట్టే గడ్డలను గ్లయోమాలు అంటారు. వీటిలో నెమ్మదిగా పెరిగేవి ఉన్నాయి, వేగంగా పెరిగేవి ఉన్నాయి. ఇవి కాక ఊపిరితిత్తులు, రొమ్ము వంటి భాగాల్లో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకడం వల్ల వచ్చే గడ్డలు వేరే ఉన్నాయి.

మన దేశంలో ఇంకో రెండింటిని కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి క్షయ గడ్డ, అంటే మెదడులో టి.బి. రెండవది బద్దెపురుగు పిల్లదశ మెదడులో చేరడం వల్ల వచ్చే గడ్డ. కలుషితమైన నీరు, సరిగా కడగని కూరగాయలు, శుభ్రంగా లేని చేతుల ద్వారా ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోతాయి. పంది మాంసం తిననివారికి కూడా ఇది రావచ్చు. స్కాన్‌లో ఈ రెండూ కంతిలాగే కనిపిస్తాయి. కాని ఇవి కంతులు కావు, మందులతో తగ్గే జబ్బులు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1990లలో ప్రచురించిన అధ్యయనాల వల్ల ఒక విషయం స్పష్టమైంది. ఫిట్స్‌తో వచ్చిన రోగుల స్కాన్‌లో 2 సెంటీమీటర్ల లోపు ఒకే ఒక చిన్న గడ్డ కనిపిస్తే, మన దేశంలో అది చాలాసార్లు ఈ పురుగు వల్ల వచ్చినదే. కనుక స్కాన్ రిపోర్టులో ఒక మాట చూసి భయపడి పొలం అమ్మకానికి పెట్టవద్దు. గడ్డ పేరు ఇంకా తేలలేదని గుర్తుంచుకోండి.

ఎప్పుడు స్కాన్ తీయించాలి?

తలనొప్పి వచ్చిన ప్రతివారికీ గడ్డ ఉండదు. అయితే ఈ కింది గుర్తులు ఉంటే ఆలస్యం చేయకూడదు:

1. పెద్దవారికి మొట్టమొదటిసారి ఫిట్స్ రావడం.
2. తెల్లవారుజామున ఎక్కువయ్యే తలనొప్పి, దానితోపాటు వాంతులు.
3. ఒక చెయ్యి లేదా కాలు రోజురోజుకు బలహీనపడడం.
4. మాట తడబడడం, చూపు మందగించడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం.
5. నెమ్మదస్తులైన వారు కారణం లేకుండా కోపిష్టులు కావడం, చురుకైనవారు ఉదాసీనంగా మారిపోవడం.

ఫిట్స్ వచ్చినా, ప్రవర్తన మారినా గాలి సోకిందనీ, ఎవరో చేయించారనీ అనుకుని నెలలు గడిపేవారు ఇప్పటికీ ఉన్నారు. అలా పోయిన కాలం తిరిగి రాదు.

స్కాన్‌లు ఎలా వచ్చాయి?

1949లో డాక్టర్ జేకబ్ చాందీ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించారు. ఆ రోజుల్లో మెదడు లోపల చూడడానికి స్కాన్ లేదు. మెదడులోని నీటి గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. లేదా రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసేవారు. గడ్డ నేరుగా కనిపించేది కాదు. అది పక్కనున్న వాటిని ఎటు నెట్టిందో చూసి, ఎక్కడుందో అంచనా వేసేవారు. ఆ పరీక్షే రోగికి ఎంతో బాధాకరంగా ఉండేది.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగికి సి.టి. స్కాన్ తీశారు. మెదడులో గడ్డ ఉందేమోనన్న అనుమానంతో వచ్చిన మహిళ ఆమె. ఆ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని వెనుక గణితాన్ని రూపొందించిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. దానికి పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ అందుకున్నారు.

సి.టి. స్కాన్ ఎక్స్‌రేలతో పనిచేస్తుంది. నిమిషాల్లో అయిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు, రక్తస్రావం అనుమానించినప్పుడు ముందుగా అదే తీస్తారు. ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో పనిచేస్తుంది. ఇందులో ఎక్స్‌రేలు ఉండవు. గడ్డ విషయంలో ఇదే ముఖ్యమైన పరీక్ష. అందుకే సి.టి.లో గడ్డ కనిపించిన తరువాత కూడా ఎం.ఆర్.ఐ. తీయించమంటారు. ఒకే పరీక్షను రెండుసార్లు చేయించడం కాదిది.

నరం ద్వారా గాడోలినియం అనే రంగుమందు ఎక్కించి కొన్ని చిత్రాలు తీస్తారు. మామూలుగా మెదడులోని రక్తనాళాలు ఏ పదార్థాన్ని పడితే దాన్ని బయటికి పోనివ్వవు. గడ్డ ఉన్నచోట ఆ కట్టుబాటు సడలుతుంది. మందు అక్కడికి చేరి, ఆ భాగం చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. ఈ మందు ఇచ్చేముందు మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తారు.

ఎం.ఆర్.ఐ.కి వెళ్ళేముందు ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదు. గాజులు, మెట్టెలు, జడపిన్నులు, తాళి అన్నీ తీయాలి. తాళి తీయడానికి కొందరు తల్లులు సంకోచిస్తారు. కావాలంటే పసుపు దారం కట్టుకుని లోపలికి వెళ్ళవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో ప్లేట్లు, క్లిప్పులు ఉన్నా ముందే చెప్పాలి. యంత్రం పెద్దగా శబ్దం చేస్తుంది. కదలకుండా పడుకోవాలి. నొప్పి మాత్రం ఉండదు.

ఇంకో రకం ఎం.ఆర్.ఐ. ఎందుకు?

మామూలు ఎం.ఆర్.ఐ. గడ్డ ఆకారాన్ని చూపిస్తుంది. ఇప్పుడు అదే యంత్రంతో మరికొన్ని ప్రశ్నలకు జవాబు రాబట్టవచ్చు.

పెర్ఫ్యూజన్: గడ్డకు ఎంత రక్తం అందుతున్నదో చూపిస్తుంది. వేగంగా పెరిగే గడ్డలు సాధారణంగా ఎక్కువ రక్తాన్ని లాక్కుంటాయి.

డిఫ్యూజన్: కణాల మధ్య నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నదో చూపిస్తుంది. చీముగడ్డనూ కంతినీ వేరుచేయడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

స్పెక్ట్రోస్కోపీ: గడ్డలోని రసాయనాలను, ముక్క తీయకుండానే, గీతల రూపంలో చూపిస్తుంది. క్షయ గడ్డలో కొవ్వు పదార్థపు గీత ఎత్తుగా కనిపించడం ఒక ఆధారం. అయితే ఒక్క ఈ ఆధారంతోనే నిర్ణయానికి రారు.

ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.: రోగిని వేళ్ళు కదపమంటారు, మాటలు తలచుకోమంటారు. ఆ సమయంలో మెదడులో ఏ భాగం పనిచేస్తున్నదో గుర్తిస్తారు. మాటకు, చేతికి సంబంధించిన భాగాలు గడ్డకు ఎంత దగ్గరగా ఉన్నాయో సర్జనుకు ముందే తెలుస్తుంది.

ట్రాక్టోగ్రఫీ: మెదడు లోపలి నరాల దారులను చూపిస్తుంది. గడ్డ ఆ దారిని పక్కకు నెట్టిందా, లేక అందులోకే చొచ్చుకుపోయిందా అన్నది దీనివల్ల తెలుసుకోవచ్చు.

ఇవన్నీ అందరికీ అవసరం కావు. మాట్లాడే భాగానికి దూరంగా ఉన్న చిన్న మెనింజియోమాకు ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అక్కరలేదు. అందుకే డాక్టరుగారిని ఇలా అడగండి: "ఈ స్కాన్ వల్ల ఏ విషయం తెలుస్తుంది? అది తెలిస్తే వైద్యంలో ఏం మారుతుంది?" పరీక్ష అవసరమైనదైతే జవాబు తప్పక దొరుకుతుంది.

స్కాన్ చెప్పలేనిది

ఎంత మంచి స్కాన్ అయినా అది బయటి నుండి తీసిన చిత్రమే. నారుమడిలో వరి మొక్కా ఊద మొక్కా పక్కపక్కన ఉంటే దూరం నుండి చూసినవారికి తేడా తెలియదు. రైతు దగ్గరికి వంగి, పీకి చూస్తాడు. మెదడులో గడ్డ సంగతి కూడా అంతే. చాలా గడ్డల విషయంలో ముక్క తీసి చూడక తప్పదు. దీన్నే బయాప్సీ అంటాము. ఆపరేషన్‌లో తీసిన గడ్డనే పరీక్షకు పంపవచ్చు. ఆపరేషన్‌కు వీలుకాని చోట స్కాన్ ఆధారంగా సన్నని సూదిని పంపి చిన్న ముక్క తీస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గడ్డ చుట్టూ ఉన్న వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడతారు. అది ప్రాణం కాపాడే మందు. కాని మెదడులో వచ్చే లింఫోమా అనే గడ్డ ఈ మందుకు కొద్ది రోజుల్లోనే కరిగిపోవచ్చు. అప్పుడు ముక్క తీసినా జబ్బు పేరు తేలదు. కుటుంబం నయమైందనుకుంటుంది. కొన్ని వారాలకో నెలలకో గడ్డ మళ్ళీ వస్తుంది. కనుక మా దగ్గరికి రాకముందు ఊళ్ళో ఏ ఇంజెక్షన్లు, ఏ మాత్రలు వాడారో ఆ చీటీలన్నీ తీసుకురండి. స్టెరాయిడ్ వాడుతున్నవారు దాన్ని సొంతంగా మాత్రం ఆపవద్దు. అలా ఆపడం ప్రమాదం.

ఆ లింఫోమాకు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దీనికీ తెలుగువారికీ సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో తయారైన మందు అది. గడ్డ పేరు సరిగా తెలిస్తేనే ఆ మందు రోగికి అందుతుంది.

జన్యువు అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రతి కణం ఎలా పనిచేయాలో, ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆదేశాలు ఉంటాయి. వాటినే జన్యువులు అంటారు. ఇవి క్రోమోజోముల మీద ఉంటాయి. ఏదో ఒక కణంలో ఈ ఆదేశాల్లో తప్పు దొర్లి, ఆ కణం ఆగకుండా పెరిగితే గడ్డ అవుతుంది. ఏ ఆదేశంలో తప్పు దొర్లిందో కనిపెట్టేదే గడ్డ జన్యు పరీక్ష.

ఇంతకుముందు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి పేరు పెట్టేవారు. మొదటి తరగతి నుండి నాలుగో తరగతి వరకు తీవ్రతను నిర్ణయించేవారు. అయితే సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించిన గడ్డలు వేర్వేరు రోగుల్లో వేర్వేరుగా ప్రవర్తించేవి. ఒకరు పదిహేనేళ్ళు బాగుండేవారు, మరొకరు ఏడాది దాటేవారు కాదు. కారణం జన్యువుల్లో ఉందని తరువాత తేలింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మెదడు గడ్డల పేర్లలో జన్యువుల వివరాన్ని చేర్చింది. 2021లో దాన్ని మరింత విస్తరించింది.

ముఖ్యమైన మూడు పరీక్షలు

పెద్దవారిలో వచ్చే గ్లయోమాలకు సంబంధించి మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

మొదటిది ఐ.డి.హెచ్. 2008లో శాస్త్రజ్ఞులు దీనిలో మార్పును మెదడు గడ్డల్లో కనుగొన్నారు. ఈ మార్పు ఉన్న గడ్డలు ఎక్కువగా వయసులో ఉన్నవారికి వస్తాయి, సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి. మార్పు లేని గ్లయోమాలు పెద్దవారిలో చాలావరకు తీవ్రమైనవి.

రెండవది 1పి/19క్యూ. అంటే ఒకటవ క్రోమోజోములో ఒక భాగం, పంతొమ్మిదవ క్రోమోజోములో ఒక భాగం రెండూ పోవడం. ఐ.డి.హెచ్. మార్పుతోపాటు ఇది కూడా ఉంటే ఆ గడ్డ పేరు ఆలిగోడెండ్రోగ్లయోమా. ఇది మందులకు బాగా లొంగుతుంది. 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయన ఫలితాలు చూడండి. ఈ రకంలో మూడో తరగతి గడ్డలున్న వారిలో రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిలో సగంమంది 7.3 సంవత్సరాలకు మించి జీవించారు. రేడియేషన్‌తోపాటు పి.సి.వి. అనే మూడు మందుల కీమోథెరపీ తీసుకున్నవారిలో సగంమంది 14.7 సంవత్సరాలకు మించి జీవించారు. క్రోమోజోము భాగాలు పోనివారిలో అంత తేడా కనిపించలేదు.

మూడవది ఎం.జి.ఎం.టి. గ్లయోబ్లాస్టోమా అనే నాలుగో తరగతి గడ్డకు ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలోమైడ్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్ర గడ్డ కణాలను దెబ్బతీస్తుంది. ఎం.జి.ఎం.టి. ఆ దెబ్బను బాగుచేసే పనివాడి వంటిది. గడ్డలో ఆ జన్యువు మూతపడి ఉంటే బాగుచేసేవారు లేక మాత్ర బాగా పనిచేస్తుంది. 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జన్యువు మూతపడి ఉండి రేడియేషన్‌తోపాటు మాత్రలు తీసుకున్నవారిలో సగంమంది 21.7 నెలలకు మించి జీవించారు. రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిలో అది 15.3 నెలలు. మాత్రలు ఎంతవరకు మేలు చేస్తాయో, ముఖ్యంగా బలహీనంగా ఉన్న వృద్ధులకు ఏ వైద్యం ఇవ్వాలో నిర్ణయించడానికి ఈ పరీక్ష తోడ్పడుతుంది.

ఇద్దరు రోగులు: ఒక ఉదాహరణ

ఇది అర్థం కావడానికి ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు 36 ఏళ్ళ టీచరుగారు. మరొకరు 58 ఏళ్ళ రైతు. ఇద్దరికీ మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఇద్దరి ఎం.ఆర్.ఐ.లోనూ మెదడు ముందు భాగంలో, రంగుమందుకు మెరవని గడ్డ ఉంది. ఇద్దరికీ ఆపరేషన్ చేశారు. సూక్ష్మదర్శినిలో ఇద్దరి ముక్కలూ రెండో తరగతి గడ్డల్లాగే ఉన్నాయి.

జన్యు పరీక్ష లేకపోతే ఇద్దరికీ ఒకే మాట చెప్పేవారు. ఇప్పుడు పరీక్ష చేస్తే టీచరుగారి గడ్డలో ఐ.డి.హెచ్. మార్పు ఉంది, 1పి/19క్యూ పోయింది. అంటే అది రెండో తరగతి ఆలిగోడెండ్రోగ్లయోమా. గడ్డను బాగా తీసేసి ఉంటే, కొంతమందికి వెంటనే రేడియేషన్ ఇవ్వకుండా క్రమం తప్పక స్కాన్‌లు తీస్తూ గమనించవచ్చు. రేడియేషన్ అవసరమైనా, ఎన్నో సంవత్సరాల జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని ప్రణాళిక వేస్తారు.

రైతు గడ్డలో ఐ.డి.హెచ్. మార్పు లేదు. టెర్ట్ అనే మరో జన్యువులో మార్పు ఉంది. 2021 నియమాల ప్రకారం, సూక్ష్మదర్శినిలో నెమ్మదిగా ఉన్నట్టు కనిపించినా, అది గ్లయోబ్లాస్టోమా. నాలుగో తరగతి. ఆయనకు ఆలస్యం లేకుండా రేడియేషన్, మాత్రలు మొదలుపెట్టాలి.

ఇద్దరినీ "ఆరు నెలల తరువాత రండి" అని పంపితే రైతు కాలం చేజారిపోతుంది. ఇద్దరికీ వెంటనే రేడియేషన్ ఇస్తే టీచరుగారికి అప్పుడే అవసరం లేని వైద్యం జరుగుతుంది. రిపోర్టులో ఒక్క పంక్తి తేడా ఇద్దరి దారులనూ మార్చింది. గడ్డ ఉందని తెలిశాక ఇన్ని పరీక్షలెందుకన్న ప్రశ్నకు ఇదే మా జవాబు.

కొత్త మందులు

జన్యువు తెలిస్తే దానికి తగిన మందు తయారుచేసే ప్రయత్నం కూడా సాగుతున్నది. వోరాసిడెనిబ్ అనే మాత్ర ఐ.డి.హెచ్. మార్పు ఉన్న రెండో తరగతి గ్లయోమాల కోసం తయారైంది. 331 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆపరేషన్ తప్ప మరే వైద్యం తీసుకోనివారే ఇందులో చేరారు. మందు వాడినవారిలో గడ్డ పెరగకుండా ఉన్న కాలం సగటున 27.7 నెలలు కాగా, ఉత్తి మాత్ర వాడినవారిలో 11.1 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. అందరికీ పనికివచ్చే మందు కాదిది. ఖరీదు కూడా ఎక్కువే.

పిల్లల విషయంలోనూ జన్యు పరీక్ష ఎంతో ముఖ్యం. చిన్న మెదడులో వచ్చే మెడులోబ్లాస్టోమాను ఇప్పుడు నాలుగు ప్రధాన గుంపులుగా విభజించారు. వాటిలో డబ్ల్యు.ఎన్.టి. గుంపు పిల్లలు చాలా బాగా కోలుకుంటారు. నెమ్మదిగా పెరిగే కొన్ని గ్లయోమాల్లో బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆ మార్పు ఉన్న పిల్లలకు పనిచేసే మందులకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది.

అయితే నిజం చెప్పాలి. జన్యు పరీక్ష చేసినంత మాత్రాన ప్రతి గడ్డకూ మందు దొరకదు. గ్లయోబ్లాస్టోమా ఇప్పటికీ కష్టమైన జబ్బే. అటువంటప్పుడు కూడా పేరు తెలియడం వల్ల లాభం ఉంది. పనిచేయని వైద్యం కోసం ఊరూరా తిరిగి అప్పులపాలు కాకుండా, మిగిలిన కాలాన్ని నొప్పి లేకుండా, అయినవారి మధ్య గడిపేలా ఏర్పాటు చేసుకోవచ్చు. బాధ తగ్గించే వైద్యం కూడా వైద్యమే.

మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జన్యు పరీక్ష అంటే ఇది వంశంలో వచ్చే జబ్బా? మా పిల్లలకూ వస్తుందా? అమ్మాయి పెళ్ళికి అడ్డు కాదా?

జవాబు: ఈ పరీక్ష గడ్డ ముక్కకు చేస్తాము. అందులో కనిపించే మార్పులు చాలావరకు ఆ గడ్డలో మాత్రమే పుట్టినవి. అవి తల్లిదండ్రుల నుండి వచ్చినవి కావు, పిల్లలకు పోయేవి కావు. న్యూరోఫైబ్రోమాటోసిస్ వంటి కొన్ని అరుదైన జబ్బులు మాత్రమే కుటుంబంలో వస్తాయి. అటువంటి అనుమానం ఉంటే డాక్టరుగారు విడిగా చెబుతారు. కనుక ఈ రిపోర్టు చూసి ఏ అమ్మాయి సంబంధమూ మానుకోనక్కరలేదు.

ప్రశ్న: ముక్క తీస్తే, కత్తి తగిలితే గడ్డ పాకుతుందంటారు. నిజమేనా?

జవాబు: ఈ భయంతో బయాప్సీ వాయిదా వేసేవారున్నారు. ముక్క తీయడం వల్ల గడ్డ రెచ్చిపోయి పాకుతుందనుకోవడం సరికాదు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ వంటి ప్రమాదాలు కొద్దిమందికి ఉంటాయి. వాటి గురించి ముందే వివరంగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: రక్త పరీక్షతో చెప్పలేరా?

జవాబు: కొన్ని రకాలకు చెప్పవచ్చు. పీయూష గ్రంథి గడ్డలు, పిల్లల్లో వచ్చే కొన్ని జెర్మ్ సెల్ గడ్డలు అటువంటివి. గ్లయోమాలకు మాత్రం ఇంకా ముక్కే ఆధారం.

ప్రశ్న: డబ్బు తక్కువగా ఉంది. అన్ని పరీక్షలూ ఒకేసారి చేయించాలా?

జవాబు: అక్కరలేదు. ఒక వరుస ఉంది. ముందు ముక్కకు రంగు వేసి చూసే పరీక్షలు చేస్తారు. వీటి ఖర్చు తక్కువ. ఐ.డి.హెచ్. మార్పుల్లో ఎక్కువ భాగం దీనిలోనే బయటపడతాయి. ఏ.టి.ఆర్.ఎక్స్. అనే మరో రంగు పరీక్షలో ఆ ప్రొటీను లేదని తేలితే, ఐ.డి.హెచ్. మార్పు ఉన్న గడ్డకు 1పి/19క్యూ పరీక్ష చాలాసార్లు అవసరం రాదు. రంగు పరీక్షలో ఏమీ దొరకకపోయినా, రోగి వయసు 55 లోపు ఉంటే మరింత లోతైన జన్యు పరీక్ష చేయించడం మంచిది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు, ఏ పరీక్ష పథకం కింద వస్తుందో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ముందే అడగండి.

ప్రశ్న: రేడియేషన్ అయిన రెండు నెలలకు తీసిన స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు ఉందన్నారు. వైద్యం విఫలమైనట్టేనా?

జవాబు: వెంటనే ఆ నిర్ణయానికి రావద్దు. రేడియేషన్, మాత్రలు పూర్తయిన మొదటి మూడు నెలల్లో, వైద్యం వల్ల వచ్చే వాపు కూడా గడ్డ పెరిగినట్టే కనిపించవచ్చు. పెర్ఫ్యూజన్ స్కాన్ తీసి, పాత స్కాన్‌లతో పోల్చి, కొన్ని వారాల తరువాత మళ్ళీ చూసి నిర్ణయిస్తారు.

ఇవి మరువకండి

ఆపరేషన్ అయ్యాక "గడ్డ తీసేశారు, ఇక అయిపోయింది" అనుకుని బయాప్సీ రిపోర్టు తీసుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయేవారు ఉన్నారు. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు, జన్యు పరీక్షకు మరికొన్ని వారాలు పట్టవచ్చు. అది వచ్చాక వైద్యం సగంలో ఉన్నట్టు తెలుస్తుంది. అందుకే:

1. మొదటి నుండి తీసిన స్కాన్ ఫిల్ములు, సి.డి.లు అన్నీ ఒక సంచిలో భద్రపరచండి. పాతవి పారవేయవద్దు.
2. ఆపరేషన్‌కు ముందే అడగండి: "ముక్కకు జన్యు పరీక్ష అవసరమా? ఎక్కడ చేస్తారు? ఎంతవుతుంది?"
3. బయాప్సీ రిపోర్టు పూర్తిగా తీసుకోండి. కనీసం రెండు జిరాక్సులు ఉంచుకోండి.
4. గడ్డ ముక్కను మైనపు దిమ్మెలో పెట్టి ఆసుపత్రిలో నిలువ ఉంచుతారు. దాన్ని బ్లాకు అంటారు. వేరే ఊరికి వైద్యానికి వెళితే ఆ బ్లాకు, స్లైడులు అడిగి తీసుకువెళ్ళండి. అప్పుడు జన్యు పరీక్ష కోసం మళ్ళీ తల తెరవవలసిన పని సాధారణంగా ఉండదు. బ్లాకును ఎండకు, వేడికి దూరంగా ఉంచండి.
5. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.
6. రమ్మన్న తేదీకి స్కాన్‌కు రండి. బాగున్నప్పుడు కూడా రండి.

ఇంట్లో ఎవరికైనా గడ్డ ఉందని చెబితే, మొదట అడగవలసినది "ఎంతకాలం బతుకుతారు?" అని కాదు. "గడ్డ పేరు ఏమిటి? ఆ పేరు ఎలా తేల్చారు? ఇంకా తేలవలసినది ఏమైనా ఉందా?" అని అడగండి. మొదటి ప్రశ్నకు నిజమైన జవాబు కూడా వీటి తరువాతే దొరుకుతుంది. అర్థం కాకపోతే రెండోసారి అడగండి, మూడోసారి కూడా అడగండి. మేము విసుక్కోము.

ఈ పత్రిక చదివాక పక్కింటివారికి ఇవ్వండి. మొదటిసారి ఫిట్స్ వచ్చిన మనిషిని తీసుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డ కుటుంబం ఆ వీధిలోనే ఉండవచ్చు.